మసకబడ్డ ఊరు

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, 1984 వేసవిలో, ఓ స్నేహితుణ్ణి బతిమాలి కెమెరా తెచ్చుకున్నాను. దిగువ మానేరు డ్యామ్ పని ముగింపుకొస్తోంది. మా ఊరు ముంపులో ఉంది. అప్పటికే కొందరు గూనపెంకలు దింపి, దూలాలూ తలుపులూ బండ్లకెత్తుకొని వెళ్ళిపోతున్నారు.

తాతను ఊరి బయట గట్టు మీద నిలబెట్టాను. వెనకాల బురుజు, చింతచెట్టు, మా ఇల్లు.

"నాదేమున్నది బిడ్డా, ఎనకున్న ఊరు రావాలె" అన్నాడు.

"అంతా వస్తది తాతా" అని ధీమాగా చెప్పి బటన్ నొక్కాను.

పొద్దుగూకుతోంది, వెలుతురు చాలదని అపర్చరు ఎఫ్/2 దాకా తెరిచాను. ఫోకస్ తాత ముఖం మీద పెట్టాను. కరీంనగర్‌లో రీలు కడిగించి చూస్తే తాత మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఊరు మాత్రం అలికినట్టుంది. తాత ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి, "ఊరు అప్పుడే మునిగిందిరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. 1985లో డ్యామ్ పూర్తయింది. రెండో ఫోటోకు ఊరు లేదు.

తప్పెక్కడ జరిగిందో తర్వాత నేర్చుకున్నాను. లెన్సు కచ్చితంగా చూసేది ఒక్క దూరాన్నే. దానికి ముందూ వెనకా కొంతమేర కూడా మన కంటికి స్పష్టంగానే ఆనుతుంది. దాన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. లెన్సు కన్నం చిన్నదైనకొద్దీ ఆ మేర పెరుగుతుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు అవ్వ కన్ను చికిలించేది అందుకే. 50 మి.మీ. లెన్సుకు ఎఫ్/16 పెట్టి, 17 అడుగుల దూరాన ఫోకస్ చేస్తే, దాదాపు 9 అడుగుల నుంచి కనుచూపు చివరిదాకా స్పష్టంగా వస్తుంది. తాతను 10 అడుగుల్లో నిలబెట్టి, ఫోకస్ ఇంకో ఏడడుగులు అవతల పెట్టి ఉంటే తాతా దక్కేవాడు, ఊరూ దక్కేది.

దీనికీ ఖరీదుంది. ఎఫ్/2 నుంచి ఎఫ్/16కు వస్తే వెలుతురు 64వ వంతుకు పడిపోతుంది. సెకనులో 125వ వంతు చాలినచోట అర సెకను కావాలి. చేతిలో కెమెరా అంతసేపు నిలవదు, స్టాండుండాలి. అలాగని కన్నం మరీ మూసినా వెలుగు అంచుల దగ్గర వంగి చెదిరి, బొమ్మ పదును తగ్గుతుంది. 1932లో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ మిత్రబృందం తమకు 'ఎఫ్/64' అని పేరు పెట్టుకుంది. వాళ్ళవి పెద్ద కెమెరాలు, వాటికి అంత చిన్న కన్నం చెల్లింది.

కొన్నేళ్ళకు వానలు వెలిశాక ఆదిలాబాద్ వెళ్ళి కుంటాల జలపాతం తీశాను. కాళ్ళ దగ్గరి తడిబండ మీద నాచూ, అవతల 45 మీటర్ల ఎత్తునుంచి దూకే కడెం నీళ్ళూ ఒకే ఫోటోలో స్పష్టంగా వచ్చాయి. చూపించడానికి తాత లేడు.

ఇప్పుడు మీ ఫోన్లలో లెన్సులు చిన్నవి, దగ్గరా దూరం వాటంతటవే స్పష్టంగా వస్తాయి. అయినా వెనకభాగాన్ని కావాలని మసక చేసుకుంటున్నారు. చేసుకోండి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. కానీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోటో తీసేటప్పుడు ఒక్కటైనా వెనకున్న ఊరితో సహా తీయండి.

తాత ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో గోడకుంది. వెనకాల అదేంటని పిల్లలడిగితే, బురుజెక్కడో, చింతచెట్టెక్కడో, ఇల్లెక్కడో వేలుపెట్టి చూపిస్తుంటాను.