తొలగిపోవడమా, నోరు విప్పడమా?

మా అబ్బాజాన్ కార్మిక సంఘమున్న నూలు మిల్లులో 30 సంవత్సరాలు పనిచేశారు. అంతకంటె అధిక వేతనం లభించినా, సంఘం లేని నాలుగు కర్మాగారాలను భాయీజాన్ ఆరేండ్లలో విడిచారు. మేస్త్రీ అన్యాయంగా ఒక దినం కూలి కోసినప్పుడు అబ్బాజాన్ సంఘ కార్యదర్శిని ఆశ్రయించేవారు. భాయీజాన్‌కు గేటు దాటడం తప్ప గత్యంతరం లేకపోయింది.

తొలగిపోవడం, నోరు విప్పడం అనే ఈ రెండు మార్గాలను ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1970లోనే వివరించాడు. వేతనం సమానమైనా సంఘమున్నచోట రాజీనామాలు తక్కువని, అమెరికా శ్రామికులను పరిశీలించిన ఫ్రీమన్, మెడాఫ్‌లు 1984లో చూపారు. విచిత్రమేమంటే, అసంతృప్తిని అధికంగా వెల్లడించేదీ ఆ సంఘ సభ్యులే! అబ్బాజాన్ మిల్లును తిట్టని రోజు లేదు.

గ్రాట్యుటీకి 1972 నాటి చట్టం అయిదేండ్ల నిరంతర సేవను కోరింది. అబ్బాజాన్‌కు లభించిన ఆ సొమ్ముతోనే నేను యం.ఏ. పూర్తిచేశాను. భాయీజాన్ చేతికి మాత్రం నాలుగు గేట్లలో ఏ ఒక్కదాని వద్దా అది అందలేదు.