ఎగరని గంటలకు సంతకం



సముద్రం ఒడ్డున పల్లెలో పాస్టరుగా ఉన్నవాడికి ప్రసంగం ఒక్కటే పని కాదు. ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా ముందు మా ఇంటి అరుగు మీదికే వస్తుంది. బ్యాంకు నోటీసు, ఆస్పత్రి రిపోర్టు, గల్ఫులో ఉన్న బిడ్డ పంపిన ఒప్పందం, పడవ రిజిస్ట్రేషను, అన్నీ నేను చదివి చెప్పాల్సిందే. నాకున్నది థియాలజీ డిప్లొమా మాత్రమే. అయినా మా వాళ్ళ దృష్టిలో అయ్యగారికి తెలియని కాగితం ఉండదు. ఆ నమ్మకం ఎంత తీపిగా ఉంటుందో, అంత భయంగా కూడా ఉంటుంది.

రెండేళ్ళ క్రితం మాట ఇది. వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మా తీరంలో మర పడవలు కదలవు గదా, మగవాళ్ళంతా చెట్ల కింద కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. మా సంఘంలో ఒక పెద్దమనిషి, పడవకు సరంగుగా పాతికేళ్ళు పనిచేసినవాడు, కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు. చేతిలో రంగు రంగుల కాగితాలు.

"అయ్యగారూ, పాప విమానం నడుపుతానంటోంది. ఈ కాగితాల్లో ఏముందో చూసి చెప్పండి. మీరు సరే అంటే రొయ్యల గుంట అమ్మేస్తాను" అన్నాడు.

ఆ పాప ఇంటర్మీడియట్ ఎం.పి.సి. మంచి మార్కులతో పాసయింది. చిన్నప్పటి నుంచి శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజు మా ఊరి పిల్లలంతా ఇసుక మీద నిలబడి దక్షిణం వైపు చూస్తారు. పొగ కనబడగానే మిగతా పిల్లలు కేకలు వేసి ఇళ్ళకు పోతారు. ఈ పాప మాత్రం పొగ చెదిరిపోయేదాకా అక్కడే ఉండేది. అందుకని నాకు ఆశ్చర్యం కలగలేదు. భయం కలిగిందల్లా ఆ గుంట గురించే. ఆ కుటుంబానికి ఉన్న ఆస్తి అదొక్కటే.

కాగితాలు ఇచ్చిన ఏజెంటు 50 లక్షల పైన ఖర్చవుతుందన్నాడట. ముందు 5 లక్షలు కడితే సీటు ఖాయమట. నేను వారం గడువు అడిగాను.

ఆ వారం రోజులు మా సంఘంలో చదువుకున్న ఒక కుర్రవాడి సాయంతో కూర్చుని, కేంద్ర ప్రభుత్వ పౌర విమానయాన డైరెక్టరేటు, అంటే డి.జి.సి.ఎ. వారి నిబంధనలు చదివాను. మొదట తల తిరిగింది. తరువాత ఒక్కొక్క నిబంధన వెనుక ఉన్న కారణం అర్థమయ్యే కొద్దీ గౌరవం పెరిగింది. మీ ఇంట్లోనూ ఇలాంటి కోరిక ఉన్న బిడ్డ ఉండవచ్చు కాబట్టి, అప్పటికి నేను తెలుసుకొన్నది చెబుతాను.

ప్రయాణికులను జీతానికి తీసుకువెళ్ళే పైలట్‌కు కావలసింది కమర్షియల్ పైలట్ లైసెన్సు. దానికి వయస్సు 18 నిండాలి. ఇంటర్మీడియట్‌లో ఫిజిక్సు, లెక్కలు ఉండాలి. మొదట రెండో తరగతి వైద్య పరీక్ష, తరువాత ఇంకా కఠినమైన మొదటి తరగతి వైద్య పరీక్ష నెగ్గాలి. విమానం దారి కనుక్కోవడం, వాతావరణం, విమానయాన నిబంధనలు, విమాన యంత్రాల జ్ఞానం, వీటిలో రాత పరీక్షలు ఉంటాయి. ఒక్కొక్కదాంట్లో నూటికి 70 రావాలి. రేడియోలో మాట్లాడడానికి వేరే పరీక్ష.

వీటన్నిటికంటె పెద్దది ఎగిరిన అనుభవం. మొత్తం 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు విమానానికి తానే బాధ్యురాలై నడపాలి. ఊరి నుంచి ఊరికి దూర ప్రయాణాలు 20 గంటలు చేయాలి. అందులో ఒకసారి 300 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 555 కిలోమీటర్లు, దారిలో రెండు వేరు వేరు విమానాశ్రయాలలో దిగి ఆగుతూ వెళ్ళాలి. బయట ఏమీ కనబడనట్టుగా పరికరాలు మాత్రమే చూసి 10 గంటలు నడపాలి. రాత్రిపూట 5 గంటలు నడిపి, పదిసార్లు లేచి దిగాలి. ప్రతి గంటా ఒక పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకాన్ని లాగ్‌బుక్ అంటారు. నేర్పినవారు దాని మీద సంతకం పెట్టాలి.

లైసెన్సు చేతికి వచ్చాక కూడా పని అయిపోదు. వైద్య పరీక్ష మళ్ళీ మళ్ళీ నెగ్గుతూ ఉండాలి. గడిచిన 90 రోజుల్లో కనీసం మూడుసార్లు లేచి దిగిన అనుభవం లేకపోతే ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. విమానం ఎక్కే 12 గంటల ముందు నుంచి మద్యం ముట్టకూడదు.

పైలట్‌కే కాదు, విమానానికీ కాగితాలు కావాలి. 1944 డిసెంబరు 7న షికాగోలో అనేక దేశాలు కూర్చుని ఒక ఒడంబడిక చేసుకొన్నాయి. మన దేశం కూడా అందులో ఉంది. దాని 29వ అధికరణం ప్రకారం దేశాల మధ్య తిరిగే విమానం తన వెంట ఉంచుకోవలసినవి ఏడు. విమానం ఎవరిదో చెప్పే రిజిస్ట్రేషను, అది ఎగరడానికి యోగ్యమైనదని చెప్పే పత్రం, సిబ్బంది ఒక్కొక్కరి లైసెన్సు, ప్రయాణాల పుస్తకం, రేడియో ఉంటే దాని లైసెన్సు, ప్రయాణికులుంటే వారి పేర్లు, ఎక్కిన చోటు, దిగే చోటు, సరుకు ఉంటే దాని జాబితా.

ఇదంతా సరంగుకు చెప్పినప్పుడు ఆయన నవ్వాడు. "మా పడవకూ ఇంతే గదయ్యగారూ. నంబరుండాల, లైసెన్సుండాల, మనుషులకు కార్డులుండాల" అన్నాడు. తరువాత కాస్త ఆగి, "కాకపోతే మేము తప్పు చేస్తే పది మందిమి. వాళ్ళు తప్పు చేస్తే రెండొందల మంది" అన్నాడు. నేను వారం రోజులు చదివి తెలుసుకొన్నది ఆయన ఒక్క మాటలో చెప్పాడు.

ఆడపిల్ల గదా అని తల్లి సందేహించింది. అప్పుడు ప్రేమ్ మాథుర్ గురించి చెప్పాను. 1947లో కమర్షియల్ లైసెన్సు పొందిన ఆ యువతిని ఎనిమిది విమాన సంస్థలు కాదంటే, ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాదులోని డక్కన్ ఎయిర్‌వేస్. మన గడ్డ మీద ఆ తలుపు తెరుచుకొని ఇన్నేళ్ళయింది. తల్లి మరి మాట్లాడలేదు.

అంతవరకు బాగానే ఉంది. తరువాతి ఆదివారం ఆరాధన అయ్యాక సరంగు నన్ను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించి, "ఏజెంటు ఇంకో దారి చెప్పాడు. 60 గంటలు తక్కువ ఎగిరినా ఫరవాలేదంట. పుస్తకంలో 200 అనే రాయిస్తాడంట. లక్షల్లో మిగులుతుంది. గుంటలో సగం నిలబడుతుంది. అందరూ చేసేదేనంట. మీరేమంటారు?" అన్నాడు.

నేను వెంటనే కాదనలేకపోయాను. ఆ మనిషి సముద్రం మీద పాతికేళ్ళు కష్టపడి కొన్న గుంట అది. కాదనడం నాకు తేలిక, అమ్ముకొనేది ఆయన. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఇంతవరకు నేను ఎక్కడా రాయలేదు.

నేను సేవకు వచ్చిన కొత్తలో వేరే పల్లెలో ఉండేవాణ్ణి. ఒక విధవరాలు వచ్చి, కొడుకును పెద్ద బోటులో పనికి పెట్టుకుంటారు, 18 ఏళ్ళు నిండినట్టు చర్చి తరఫున ఒక ఉత్తరం ఇవ్వమని ఏడ్చింది. పిల్లవాడికి 15 ఏళ్ళు. మా రిజిస్టరులో పుట్టిన తేదీ నా కళ్ళ ముందే ఉంది. పొయ్యి వెలగని ఇల్లు కూడా నా కళ్ళ ముందే ఉంది. జాలి అనుకొని సంతకం పెట్టాను. ఆరు నెలలు తిరగకముందే వల లాగే యంత్రంలో ఆ పిల్లవాడి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. పైగా అయ్యగారు మేలు చేశారనే చెప్పుకొంది. అదే నాకు ఎక్కువ బాధ. ఆ అబ్బాయి ఇప్పుడు కనబడితే ఎడమచేత్తో వందనం చేస్తాడు.

మరునాడు సరంగును, పాపను పిలిచి ఈ సంగతి వారికి చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు వణికింది. తరువాత నేను చదివిన ఇంకో రెండు సంగతులు కూడా చెప్పాను.

2011లో మన దేశంలోనే ఒక పైలట్ విమానాన్ని ముందు చక్రం మీద దించడం చూసి అనుమానం వచ్చింది. తీగ లాగితే డొంక కదిలింది. దొంగ మార్కుల జాబితాలు పెట్టి పై లైసెన్సు పొందినవారు కొందరు పట్టుబడ్డారు. వేల లైసెన్సులను తిరిగి తనిఖీ చేయాల్సి వచ్చింది. అదే ఏడాది, ఎగరని గంటలు ఎగిరినట్టు రాసిన వ్యవహారాలు కూడా బయటపడ్డాయి. వెనుక సీట్లలో కూర్చున్న ప్రయాణికులకు ఆ విషయం ఎలా తెలుస్తుంది? వారు నమ్మింది ఆ కాగితాన్నే.

రెండోది మనమెవరం మరచిపోలేనిది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు బేగంపేటలో హెలికాప్టర్ ఎక్కి చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర అది కూలి ఆయనతో సహా అయిదుగురు చనిపోయారు. ఆ రోజు మా పల్లెలో పొయ్యి వెలగని ఇళ్ళు నాకు తెలుసు. ఆ పైలట్లు అనుభవం లేనివారు కారు, దొంగ కాగితాలవారు కారు. అయినా గేరుబాక్సు నూనె ఒత్తిడి గురించి వచ్చిన హెచ్చరికకు ఏం చేయాలో పుస్తకంలో వెదకడంలో విలువైన నిమిషాలు గడిచాయని, ఆ లోపల చెడ్డ వాతావరణం మీద దృష్టి తప్పిందని విచారణ సంఘం తేల్చింది. పుస్తకం విమానంలో ఉంటే చాలదు. అందులోది మనిషిలో కూడా ఉండాలి. నిజంగా వేల గంటలు ఎగిరినవారికే అలాంటి ఘడియ వస్తే, రాతలో మాత్రమే ఎగిరిన బిడ్డ గతి ఏమిటి?

సరంగు చాలాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. మాట్లాడింది పాపే. "నాన్నా, నువ్వు నన్ను పడవ మీద కూర్చోబెట్టుకొని గాలి చూపించావు. పుస్తకంలో రాసి ఇవ్వలేదు గదా" అంది. తండ్రి కళ్ళు తుడుచుకొని, "ఆ ఏజెంటు ఫోను ఇక ఎత్తను" అన్నాడు.

గుంట అమ్మవద్దని నేను చెప్పలేదు. ముందు తక్కువ ఖర్చు పనులు చేద్దామన్నాను. అందరం చెన్నై వెళ్ళి, డి.జి.సి.ఎ. గుర్తించిన డాక్టరు దగ్గర వైద్య పరీక్ష చేయించాం. రక్తం తక్కువగా ఉందని తాత్కాలికంగా అనర్హురాలన్నారు. ఆ రోజు రైలులో ఎవరమూ మాట్లాడుకోలేదు. తరువాత మా ఇంటావిడ పోరు, మునగాకు, ఐరన్ మాత్రలు, వీటితో మూడు నెలల్లో రక్తం పెరిగింది. రెండోసారి నెగ్గింది.

ఇప్పుడు పాప ఇంట్లోనే చదువుతూ వాతావరణం, నిబంధనలు, ఈ రెండు పేపర్లు పాసయింది. వాతావరణం పేపరుకు తండ్రే సగం గురువు. సాయంత్రం పూట బడిపిల్లలకు లెక్కలు చెబుతుంది. ఎగరడం ఇంకా మొదలు కాలేదు. బ్యాంకు అప్పు కోసం తిరుగుతున్నారు. దొరుకుతుందో లేదో చెప్పలేను. గుంట అమ్మవలసి రావచ్చు. ఆ సంగతి ఆ కుటుంబం కూర్చుని తేల్చుకోవాలి. కాని అమ్మినా, నిజమైన 200 గంటలకే అమ్ముతారు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డకు ఈ కోరిక ఉంటే డబ్బు కట్టే ముందు మూడు పనులు చేయండి. మొదట వైద్య పరీక్ష చేయించండి. రెండవది, ఆ శిక్షణ సంస్థ డి.జి.సి.ఎ. ప్రకటించిన జాబితాలో ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. మూడవది, గంటలు తగ్గిస్తామనేవారికి, పరీక్ష మేము చూసుకుంటామనేవారికి గడప దాటే దారి చూపండి.

పౌలు ఎక్కిన ఓడలో ఉన్నవారు 276 మంది అని లూకా లెక్కతో సహా రాశాడు. ఓడ పగిలినా అందరూ ఒడ్డుకు చేరారు. చిన్నప్పుడు చదివినప్పుడు ఆ లెక్క ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. విమానంలో ప్రయాణికుల పేర్ల జాబితా ఉండాలన్న నిబంధన చదివాక అర్థమైంది. ప్రతి కాగితం వెనుకా మనుషులుంటారు. లెక్కించి అప్పగించవలసిన మనుషులు.

ఇప్పటికీ మా అరుగు మీదికి కాగితాలు వస్తూనే ఉన్నాయి. సంతకం పెట్టే ముందు రిజిస్టరు తెరిచి ఒకసారి తేదీ చూసుకొంటాను. అప్పుడు ఎడమచేత్తో వందనం చేసే ఆ అబ్బాయి గుర్తుకొస్తాడు.