కిర్క్స్‌విల్ దారిలో ఒక ప్రశ్న

సెయింట్ లూయిస్ నగరం నుండి కిర్క్స్‌విల్‌కు దాదాపు రెండు వందల మైళ్ల దూరం. అది అక్టోబరు మాసం. మొక్కజొన్న, సోయా కోతలు చాలావరకు ముగిసి, మిస్సోరీ నేల కనుచూపు మేర ఎండిన మోళ్లతో పరచుకొని ఉన్నది. కారు నడుపుతున్నది మా తమ్ముని కుమార్తె. ఆమె పక్కన నేను. వెనుక సీటులో మా తమ్ముడు. కూతురి చదువు ప్రస్తావన వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకొని నిద్ర నటించడం అతనికి అలవాటు.

ఆ అమ్మాయికి మరి రెండు దినాలలో ఒక ఆస్టియోపతి వైద్య కళాశాల వారి ఇంటర్వ్యూ ఉన్నది. ఆ కళాశాల వేరొక రాష్ట్రంలోనిది. ఇంటర్వ్యూ మాత్రం ఇంటి వద్దనే, కంప్యూటరు తెర ముందు. అయితే ఈ విద్య ఎక్కడ పుట్టిందో ఆ ఊరిని ఒకసారి కళ్లారా చూసి రావాలని ఆమె కోరింది. కిర్క్స్‌విల్ ఆ ఊరే. పెద్దవాడిని కదా, తోడుగా ఉండమని నన్నూ ఎక్కించుకున్నది.

మన ప్రాంతపు పాఠకులకు ఇక్కడ రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. మన పిల్లలు ఇంటర్మీడియట్ ముగించి నీట్ పరీక్ష వ్రాస్తారు, వచ్చిన ర్యాంకును బట్టి సీటు వస్తుంది లేదా పోతుంది. వారిని ఎదుట కూర్చోబెట్టి “నీవు వైద్యుడివి ఎందుకు కావాలి?” అని అడిగేవారు లేరు. అమెరికాలో సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చేసిన పిదప గాని వైద్య విద్య మొదలు కాదు. ఆ విద్యకు రెండు ద్వారాలు ఉన్నాయి. ఒకటి ఎం.డి. పట్టా. మన దేశంలో ఎం.డి. అంటే ఎం.బి.బి.ఎస్. తరువాతి పై చదువు. అక్కడ అదే మొదటి పట్టా. రెండవది డి.ఓ., అనగా ఆస్టియోపతి వైద్య పట్టా. ఈ రెండవ ద్వారం గుండా వచ్చినవారూ అన్ని రాష్ట్రాలలోనూ మందులు వ్రాస్తారు, శస్త్రచికిత్సలు చేస్తారు. బ్రిటన్ వంటి దేశాలలో ఆస్టియోపతులని పిలువబడేవారు వేరు, వారు ఈ అర్థంలో వైద్యులు కారు. అమెరికాలోని వైద్య విద్యార్థులలో నేడు నలుగురిలో ఒకరికి పైగా డి.ఓ. కళాశాలలలోనే చదువుతున్నారు. మిగిలిన వైద్యమంతా ఒకటే గాని, వీరు అదనంగా సుమారు రెండు వందల గంటలు చేతులతో చేసే చికిత్సను అభ్యసిస్తారు. కండరాలను, కీళ్లను, వెన్నును తాకి పరీక్షించడం, సరిచేయడం ఆ అభ్యాసం.

దరఖాస్తు తతంగం వింటే నాకు తల తిరిగింది. ఎమ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష ఏడున్నర గంటలు సాగుతుంది. మార్కులు 472 నుండి 528 వరకు. దాదాపు డి.ఓ. కళాశాలలన్నింటికీ కలిపి ఆకోమాస్ అనే ఒకే దరఖాస్తు ఉన్నది. అది మే నెలలో తెరుచుకుంటుంది. అందులో 5300 అక్షరాలకు మించకుండా తన కథ తాను వ్రాసుకోవాలి. ఆ పిదప ఒక్కొక్క కళాశాల మళ్లీ తన ప్రశ్నలు, తన రుసుము పంపుతుంది. అధ్యాపకుల లేఖలు, వీలైతే ఒక డి.ఓ. వైద్యుని లేఖ కూడా జతపరచాలి. అన్నీ దాటినవారికే ఇంటర్వ్యూ పిలుపు.

మా అమ్మాయికి ఇది రెండవ ప్రయత్నం. నిరుడు ఎం.డి. కళాశాలలకు మాత్రమే దరఖాస్తు చేసింది. అన్నింటి నుండీ నిరాకరణే వచ్చింది. ఈ ఏడాది రెండు విధాల కళాశాలలకూ పంపింది. మా తమ్ముని నిద్రకు కారణం అదే. బంధువులలో ఎవరో “డి.ఓ. అంటే రెండవ తరగతి డాక్టరట కదా?” అన్నారట. ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగబడి ఉన్నది.

కొలంబియా పట్టణం దాటి ఉత్తరానికి మళ్లిన తరువాత ఆమె, “బడే అబ్బా, మీరు మదరసాలో పిల్లలను చేర్చుకునేటప్పుడు అడుగుతారు కదా, నన్నూ అలాగే అడగండి” అన్నది.

“డి.ఓ.నే ఎందుకు కోరుతున్నావు, బేటీ?” అన్నాను.

మనిషిని సంపూర్ణంగా చూసే వైద్యమనీ, దేహమూ మనసూ ఒకటనీ, దేహానికి తనను తాను బాగుచేసుకునే శక్తి ఉన్నదనీ చక్కగా అప్పగించింది. ఒక్క తప్పు లేదు. నాకు మా మదరసా గుర్తుకు వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా నేను అడిగే ప్రశ్నకు పిల్లలంతా “దీన్ సేవ కొరకు” అనే జవాబిస్తారు. తండ్రి దారిలో నేర్పిన మాట అది. ఒక్క బాలుడు మాత్రం “ఇంట్లో అందరికీ అన్నం చాలదు, ఇక్కడ పెడతారని మా అమ్మ చెప్పింది” అన్నాడు. అతడిని వెంటనే చేర్చుకున్నాను. ఆ సంగతి ఆమెకు చెప్పి, “నీ జవాబు బాగున్నది. నీకు ముందు ఎంతమంది ఇదే చెప్పి ఉంటారు?” అన్నాను. ఆమె మాట్లాడలేదు. మేకన్ అనే చిన్న పట్టణం వరకు కారులో చక్రాల చప్పుడే.

దారిలో ఒక పెట్రోలు బంకు పక్క గడ్డి మీద జుహర్ ఖస్ర్ చేసుకొని, మధ్యాహ్నానికి కిర్క్స్‌విల్ చేరాము. చిన్న ఊరు. అక్కడి ఎ.టి. స్టిల్ విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఆస్టియోపతి వైద్య ప్రదర్శనశాల ఉన్నది. దుంగలతో కట్టిన ఒక గుడిసెను అక్కడ నిలిపి ఉంచారు. ఈ విద్యను స్థాపించిన ఆండ్రూ టేలర్ స్టిల్ 1828లో వర్జీనియాలో జన్మించినది ఆ గుడిసెలోనే. దానిని అక్కడి నుండి తరలించి తెచ్చారు. 1892లో ఆయన పాఠశాల ప్రారంభించిన చిన్న చెక్క ఇల్లు కూడా అక్కడే ఉన్నది. మా మదరసా వంటగది దానికంటె పెద్దది.

స్టిల్ తండ్రి మెథడిస్టు మత బోధకుడు, వైద్యుడు కూడా. కొడుకూ వైద్యుడే అయ్యాడు. 1864లో మెదడు పొరల వాపు వ్యాధి ఆయన ఇంటిలో ముగ్గురు పిల్లలను తీసుకొనిపోయింది. ఆ కాలపు వైద్యం అంటే పాదరసపు మందులు, రక్తం తీయడం. తానే వైద్యుడై ఉండి బిడ్డలను కాపాడుకోలేని తండ్రి ఆ వైద్యం మీదనే నమ్మకం కోల్పోయాడు. పదేళ్ల అన్వేషణ తరువాత 1874లో తన కొత్త విధానాన్ని ప్రకటించాడు. కన్సాస్‌లో బేకర్ విశ్వవిద్యాలయం ఆయన బోధనకు తలుపు తెరవలేదు. చివరకు ఈ మారుమూల ఊరు ఆయనను నిలుపుకున్నది. ఎం.డి. పట్టా ఇవ్వడానికి చట్టపు అనుమతి ఉండి కూడా ఆయన కావాలనే డి.ఓ. అనే వేరు పేరు పెట్టాడు. మొదటి తరగతిలోనే స్త్రీలకు చోటిచ్చాడు.

ఆయన చెప్పినదంతా నిలువలేదు. మందులను ఆయన దాదాపు పూర్తిగా త్రోసిపుచ్చాడు. నేటి డి.ఓ.లు ఆ విషయంలో ఆయనను అనుసరించరు. చేతి చికిత్సలలోనూ నడుము నొప్పికి కొంత ఆధారం ఉన్నది గాని, మరికొన్నింటికి అంత బలం లేదు. గురువు మాటలో నిలిచేది నిలుపుకొని నిలవనిది వదిలివేసే శిష్యులు ఉండడం ఆ విద్య అదృష్టమని నాకు తోచింది. ఇది మా మదరసాల వారు కూడా ఆలోచించదగిన సంగతి.

ఒక గాజు పెట్టె ముందు నేను చాలాసేపు నిలిచిపోయాను. 1925లో ఇద్దరు విద్యార్థులు 1500 గంటలు శ్రమించి, ఒక మానవ దేహం నుండి నాడీ మండలాన్ని మొత్తంగా విడదీశారు. మెదడు నుండి కాలి వేళ్ల వరకు దారపు పోగులు పరచినట్లు ఉన్నది. మృతదేహపు గౌరవాన్ని గురించి చదువుకున్నవాడిని, మొదట చూపు మరల్చుకున్నాను. పిదప మళ్లీ చూశాను. సృష్టికర్త అల్లికను అంత దగ్గరగా మునుపెన్నడూ చూడలేదు.

ఆ పెట్టె పక్కనే ఆమె నోరు విప్పింది. “బడే అబ్బా, నిజం చెప్పనా? నిరుడు ఎం.డి. రానందువల్లనే ఇటు చూశాను. తరువాత ఒక డి.ఓ. డాక్టరమ్మ దగ్గర ఆరు వారాలు కూర్చున్నాను. రోగి రాగానే ఆమె కంప్యూటరు చూడదు. ముందు చేయి వేస్తుంది. అప్పుడు దాదీ గుర్తుకు వచ్చింది.”

మా అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు ఈ అమ్మాయి సెలవులకు వచ్చి ఉన్నది. పన్నెండేళ్లుంటాయేమో. ఆసుపత్రిలో వైద్యుడు బల్ల అవతల నుండే ఫిల్ములు చూసి చీటీ వ్రాసి ఇచ్చాడు. “ఆయన దాదీని తాకను కూడా తాకలేదు. దాదీ చేయి ముందుకు చాపి అలాగే ఉంచింది” అన్నది. నేనూ ఆ గదిలోనే ఉన్నాను. ఆ చేయి నేను చూడలేదు. మందుల చీటీ చూస్తూ ఉన్నాను.

“ఇది చెప్పు” అన్నాను. “రెండవ ఎంపిక అని కూడా చెప్పమంటారా?” అన్నది. అడిగితే దాచవద్దన్నాను. మా తమ్ముడు ఆ సమయంలో నిద్ర నటించలేదు, నిలబడి ఉన్నాడు గనుక.

తిరుగు దారిలో ఆమె మరొక సందేహం అడిగింది. ఈ చేతి విద్యను విద్యార్థులు ఒకరి దేహం మీద మరొకరు అభ్యసిస్తారు. పరదా పాటించే అమ్మాయి ఏమి చేయాలి? అమ్మాయిల జోడీ అడిగితే తమ కళాశాలలో ఇచ్చారని ఆమెకు పరిచయమైన ఇద్దరు ముస్లిం విద్యార్థినులు చెప్పారట. చికిత్స అవసరమైనచోట, అవసరమైనంత మేరకు వైద్యునికి షరీఅత్ ఇచ్చిన వెసులుబాటును నేను వివరించాను. చేరకముందే కళాశాల వారిని స్పష్టంగా అడగమన్నాను. అడగడానికి సిగ్గుపడితే నాలుగేళ్లు ఇబ్బంది పడవలసి వస్తుంది.

ఇంటర్వ్యూ నాడు ఆమె క్రింది గదిలో తలుపు వేసుకొని కూర్చున్నది. పైన మేము ముగ్గురం కుర్చీ కూడా జరపకుండా కూర్చున్నాము. ముప్పావు గంట తరువాత పైకి వచ్చింది. “డి.ఓ.నే ఎందుకు అని అడిగారు. చెప్పాను. దాదీ సంగతీ చెప్పాను. కానీ ఎక్కువసేపు అడిగింది అది కాదు, బడే అబ్బా. నిరుడు అందరూ కాదన్న తరువాత ఈ ఏడాది ఏమి చేశావు అని అడిగారు” అన్నది.

“ఏమి చెప్పావు?”

“మూడు నెలలు ఏమీ చేయలేదని చెప్పాను. ఆ తరువాత డాక్టరమ్మ దగ్గరకు వెళ్లానని చెప్పాను.”

మా తమ్ముడు లేచి టీ పెట్టడానికి వెళ్లాడు.

ఆ కళాశాలల వారు సీట్లు నిండేవరకు దఫదఫాలుగా నిర్ణయాలు తెలుపుతూ ఉంటారు. నేను విమానం ఎక్కేనాటికి జవాబు రాలేదు, ఇది వ్రాసేనాటికీ రాలేదు. మా అమ్మకు మాట సరిగా తిరగదు. అయినా ఇషా తరువాత నేను మంచం దగ్గరకు వెళ్లగానే బాగున్న చేయి చాపి, “ఖబర్ ఆయీ క్యా?” అని అడుగుతున్నది.