అక్క చెట్టు - తమ్ముడి చెట్టు

తోబుట్టువుల మధ్య పోటీ మన పురాణాలంత పాతది. వినాయక చవితినాడు ఇంటింటా చదువుకొనే వ్రతకథలో అటువంటి పోటీ ఒకటి ఉన్నది. విఘ్నాధిపత్యం ఎవరికి దక్కాలన్న ప్రశ్న వచ్చినపుడు, ముల్లోకాలలోని నదులన్నింటిలో స్నానం చేసి ముందుగా వచ్చినవారికే అని శివుడు పలికాడు. కుమారస్వామి నెమలినెక్కి బయలుదేరాడు. వినాయకుడు తల్లిదండ్రులకు ప్రదక్షిణం చేశాడు. ఏ నదికి పోయినా అన్న తనకంటె ముందే స్నానమాడి తిరిగి వస్తూ కుమారస్వామికి కనిపించాడు. చివరకు ఓడిన తమ్ముడు తానే తండ్రి వద్దకు వచ్చి, ఆధిపత్యం అన్నగారికే ఇమ్మని కోరాడు. ఆ ఘట్టం నాకు ఎంతో ఇష్టం.

మహాభారతం మరొక దృశ్యం చూపుతుంది. కౌరవ బాలురు పండ్లకోసం చెట్టెక్కితే భీముడు ఆ చెట్టును పట్టి ఊపేవాడు. పండ్లతోపాటు వారూ నేల రాలేవారు. భీమునికి అది ఆట. దుర్యోధనునికి మాత్రం అది పగ అయి, విషాన్నం పెట్టించేదాకా పోయింది. మా అక్కకూ నాకూ నడుమ సాగిన పోటీలను తలచుకొన్నపుడల్లా ఈ రెండు కథలూ నా మనసులో మెదలుతాయి.

మాది కోనసీమలో కాలువగట్టున ఉన్న ఒక చిన్న పల్లె. అక్క నాకంటె రెండేళ్ళు పెద్దది. మజ్జిగ చిలికినపుడు వెన్నముద్ద మొదలుకొని ఉయ్యాలబల్ల మీద కిటికీవైపు చోటు దాకా మాకు పోటీకి రాని వస్తువు లేదు. ‘చందమామ’ వచ్చే రోజున తపాలా బంట్రోతు సైకిలు గంట వినబడితే చాలు, ఇద్దరమూ వీధి అరుగు మీదికి ఉరికేవాళ్ళం. ముందుగా ఎవరి చేయి తగిలితే వారే ముందు చదవాలని నాయనమ్మ తీర్పు. నేను ముందు అట్ట పట్టుకొంటే అక్క వెనుక అట్ట పట్టుకొనేది. తీర్పు చెప్పిన నాయనమ్మే చివరకు పుస్తకం లాగుకొని, ఇద్దరినీ చెరొక ప్రక్కన కూర్చోబెట్టుకొని పైకి చదివేది.

వేసవి మధ్యాహ్నాలలో వామనగుంటలు ఆడేవాళ్ళం. రెండు వరుసలలో ఏడేసి గుంటలు, వాటి నిండా చింతగింజలు. ఒక గుంటలోని గింజలను తీసి ఒక్కొక్కటిగా వదులుతూ పోవాలి. చేతిలోనివి అయిపోయినచోట తరువాతి గుంట ఖాళీగా ఉంటే, దాని అవతలి గుంటలోనివి మనవే. అక్క గింజలు తీయకముందే అవి ఎక్కడ అయిపోతాయో కంటితోనే లెక్కకట్టేది. నేను వేళ్ళమీద లెక్కించేసరికి నా గుంటలు ఖాళీ అయ్యేవి. ఆమెను ఓడించాలన్న పట్టుదలతోనే నేను నోటిలెక్కలు నేర్చుకొన్నాను.

మా పోటీలన్నింటిలో పెద్దది చెట్ల పోటీ. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన పెద్ద వరద తీసిన తరువాత, తాతయ్య పెరట్లో రెండు కొబ్బరిమొక్కలు నాటాడు. తూర్పుది అక్కది, పడమటిది నాది. అక్క బియ్యం కడిగిన నీళ్ళు పోస్తే నేను కాలువ నుంచి చెంబుతో నీళ్ళు మోసేవాడిని. కొబ్బరిచెట్టు ఇంచుమించు నెలకొక మట్ట వేస్తుంది. రాలిన ప్రతి మట్టా మానుమీద ఒక గుర్తు విడిచిపోతుంది. ఆ గుర్తులను లెక్కించి ఎవరి చెట్టు ముందున్నదో తేల్చుకొనేవాళ్ళం. అక్క చెట్టే ముందుగా గెల వేసింది. ఆ మొదటి కాయను పగులగొట్టి ఆమె నాకే పెద్దచిప్ప ఇచ్చింది. “ఓడినవాడికి బలం కావాలి కదరా తమ్ముడూ!” అని నవ్వింది.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను తుపాను ముంచెత్తింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన తుపాను అది. పెంకులు ఎగిరిపోతూ ఉంటే మేమందరమూ వడ్లగదిలో ముడుచుకొని కూర్చున్నాం. ఆ రాత్రంతా అక్క నా చేయి విడువలేదు. తెల్లవారి చూస్తే తోటలో నిలిచిన చెట్లను వేళ్ళమీద లెక్కించవచ్చు. పెరట్లో అక్క చెట్టు వేళ్ళతో సహా పడి ఉన్నది. నా చెట్టు మొవ్వ చెదిరినా నిలిచి ఉన్నది. “గెలిచావురా!” అన్నది అక్క. ఆ గెలుపు నాకు ఏమాత్రమూ సంతోషం కలిగించలేదు.

లక్షలాది చెట్లు కూలిన ఆ సీమలో మాకూ దింపు ఆదాయం పోయింది. కొత్త మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అక్క అప్పుడు అమలాపురంలో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నది. నేను పదవ తరగతి. ఇద్దరినీ చదివించడం కష్టమనీ, ఆడపిల్లను మానిపించమనీ బంధువులు సలహా ఇచ్చారు. నాన్నగారు తలవంచుకొని వింటున్నారు. నేను లేచి, “నా చెట్టు కాయల డబ్బు అక్క ఫీజుకు ఇవ్వండి. అక్క లేకుండా నేను ఎవరితో పోటీపడి చదవాలి?” అన్నాను. మొవ్వ చెదిరిన ఒక్క చెట్టు ఎంత సంపాదించగలదో నాన్నగారికి తెలియనిది కాదు. ఆయన ఏమీ అనలేదు. వారం తిరగకుండా పాడిగేదెలలో ఒకదానిని అమ్మి అక్క ఫీజు కట్టారు. పాలు తగ్గినందుకు అమ్మ ఒక్క మాట అనలేదు.

అక్క ఈనాడు ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నది. తోబుట్టువు మనకు దొరికే తొలి ప్రత్యర్థి. ఆ ప్రత్యర్థి పడిపోతే మొదట చేయి అందించవలసినదీ మనమే. ఆటలో గెలవాలన్న కోరిక మనిషిని చురుకుగా ఉంచుతుంది. ఎదుటివారు ఆటలో లేకుండా పోవాలన్న కోరిక పుట్టినపుడే దుర్యోధనుని దారి మొదలవుతుంది.

తుపాను వచ్చిన మరుసటి ఏడు తొలకరికి, కూలిన చెట్టుచోటనే అక్క కొత్త మొక్క నాటింది. ఇప్పటికీ పండుగలకు కలిసినపుడు ఇద్దరమూ పెరట్లో నిలిచి తలలెత్తి చూస్తాం. పదేళ్ళ తేడా ఉన్నా అక్క ఓటమి ఒప్పుకోదు. “నా చెట్టు ఇంకా పెరుగుతున్నదిరా, తొందరపడకు” అంటుంది.