ఔట్‌డోర్‌కి వెళ్తున్నారా? సంచీ సర్దే ముందు ఒక్కమాట!

సినిమాల్లో ఔట్‌డోర్ అంటే ఎంత సుఖమో చూడండి! హీరోయిన్ మంచుకొండ మీద పల్చటి షిఫాన్ చీరలో డాన్సు చేస్తుంది. హీరోగారికి పల్లవికో స్వెట్టరు, చరణానికో కోటు. పాట పూర్తయ్యేలోగా ఆరు డ్రెస్సులు మారతాయి గానీ, ఎవరి భుజానా సంచీ కనబడదు! ఆ సంచులు మోసేది ప్రొడక్షన్ వాళ్లని నాకూ తెలుసు. తెలిసి కూడా నేను చేసిన ఘనకార్యం చెబుతాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. చివరిదాకా నవ్వలేరులెండి.

ఆ మధ్య ఓ సెప్టెంబరులో నేనూ, మా తమ్ముడూ బెజవాడ నుంచి మనాలీ బయల్దేరాం. మనాలీ గురించి మీకు వేరే చెప్పాలా? ‘రోజా’ (1992)లో మనం కాశ్మీరు అనుకుని చూసిన కొండల్లో మనాలీ కొండలూ ఉన్నాయి. ఆ ఊళ్లో దేవదారు చెట్ల మధ్య 1553లో కట్టిన గుడి ఒకటుంది. లోపలి దేవత ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మన హిడింబి! ‘మాయాబజార్’ (1957)లో సూర్యకాంతంగారు వేసిన వేషం. ‘ఘటోత్కచుడి తల్లిగారి ఊరొచ్చాంరా’ అనుకుంటూ దణ్ణం పెట్టుకుని, హంప్టా కనుమ దాటడానికి బయల్దేరాం.

మనాలీ ఎత్తు సుమారు 2,000 మీటర్లు. హంప్టా కనుమ సుమారు 4,270. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి ఆరు డిగ్రీల దాకా తగ్గుతుంది. అంటే కింద హాయిగా పదిహేనుంటే, పైన నీళ్లు గడ్డకట్టే చలన్నమాట. గాలి దెబ్బ దానికి అదనం. ఇటు కులూ వైపు పచ్చిక, పూలు, వాన. అటు లాహౌల్ వైపు గడ్డిపోచ కూడా అపురూపమైన ఎండుకొండలు. ఒక్కరోజు నడకలో రెండు సెట్టింగులు!

ఇవన్నీ నాకు బయల్దేరే ముందే తెలుసు. అయినా ఏం చేశానంటే... అమ్మ మా తమ్ముడి సంచీలో నాన్నగారి పాత ఊలు స్వెట్టరు, ఓ వానకోటు పెట్టింది. “ఒరేయ్, చిన్నవాణ్ణి చూసుకో” అంది. అమ్మ వంటింట్లోకి వెళ్లగానే ఆ రెండూ తీసి మంచం కింద తోసేశాను. ఎందుకూ? నా సంచీలో పట్టని రెండు జీన్సు ప్యాంట్లూ, తోలు జాకెట్టూ వాడి సంచీలో పెట్టడానికి. ఫోటోలు దిగాలి కదా మరి! పదిహేడేళ్లవాడు, అన్నయ్య మాటే వాడికి వేదం. “సరే అన్నయ్యా” అన్నాడు.

మూడోరోజు కనుమ ఎక్కుతుంటే వాన పట్టుకుంది. వాడి నూలు చొక్కా, జీన్సు ముద్దయిపోయాయి. పైకి చేరేసరికి వాన కాస్తా మంచుజల్లయింది, దానికి తోడు ఈదరగాలి. మొదట వాడు గడగడ వణికాడు. కాసేపటికి వణుకు ఆగిపోయింది. ‘అమ్మయ్య, తగ్గింది’ అనుకున్నాను. ఎంత మూర్ఖుణ్ణి! ఏదో అడిగితే తాగినవాడిలా ముద్దముద్దగా జవాబిచ్చాడు. చొక్కా బొత్తాం పెట్టుకోబోతే వేళ్లు లొంగలేదు. “నిద్రొస్తోందన్నయ్యా, కాసేపు పడుకుంటా” అన్నాడు. నా వానకోటు తీసి కప్పాను. లోపల తడిబట్టలుంటే పైన కోటు కప్పి ఏం లాభం?

మా గైడు ఒక్క చూపు చూసి పరుగెత్తుకొచ్చాడు. వాడి తడిబట్టలన్నీ విప్పేసి, తుడిచి, తన ఊలు స్వెట్టరూ టోపీ తొడిగాడు. నేల చల్లదనం తగలకుండా సంచుల మీద కూచోబెట్టి, ఫ్లాస్కులోంచి చక్కెర దండిగా వేసిన వేడి టీ గుక్క గుక్కగా పట్టాడు. నాకు తెలిసిందల్లా సినిమా వైద్యం. “బ్రాందీ ఉందా?” అన్నాను. మండిపడ్డాడు! మందు తాగితే ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుందే గానీ, నెత్తురు చర్మం దగ్గరికి చేరి లోపలి వేడి కాస్తా బయటికి పోతుందట. కాస్త తేరుకున్నాక చెరో పక్కా పట్టుకుని అటువైపు దింపాం. గంట నడిచామో లేదో, కళ్లు చెదిరే ఎండ! ఆ ఎండలో నిలబడి నేను ఏడ్చిన సంగతి వాడికి తెలీదు.

అందుకని నా అనుభవం వినండి. ఒంటికి తగిలేది త్వరగా ఆరే బట్ట. దానిమీద ఊలు. అన్నిటికీ పైన వాననీ గాలినీ ఆపే కోటు. నడుస్తుంటే ఒకటి విప్పండి, ఆగగానే తొడగండి. చెమటా తడే! ఒక జత పొడిబట్టలు, మేజోళ్లు ప్లాస్టిక్ సంచీలో కట్టి పడుకునేవేళకి దాచండి, పగలు ముట్టుకోవద్దు. బూట్లు పదిహేను రోజుల ముందే కొని, ఊళ్లో తొడుక్కు తిరగండి. మంచు మీద నల్లకళ్లద్దాలు స్టైలు కోసం కాదు, కళ్ల కోసం. టార్చి బ్యాటరీలు చలికి నీరసిస్తాయి, రాత్రి పక్కలో పెట్టుకోండి. జీన్సు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. తడిస్తే బండ బరువు, ఓ పట్టాన ఆరదు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, “స్వెట్టరు పనికొచ్చిందిరా?” అని. నా నోరు పెగల్లేదు. తమ్ముడే, “అదే లేకపోతే చచ్చిపోయేవాణ్ణమ్మా!” అన్నాడు. వాడు అబద్ధమాడలేదు. స్వెట్టరు ఎవరిదన్నది మాత్రం చెప్పలేదు.

మంచం కింది మూట ఆ రాత్రే తీసి బీరువాలో పెట్టేశాను. అమ్మ ఈ పత్రిక ప్రతివారం చదువుతుంది. ఈసారి ఆవిడ ఈ పేజీ దాకా వచ్చేసరికి నేను ఇంట్లోనే ఉంటాను. తిట్లు తినాలి కదా!