ఏ పంటకి ఎంతమంది

మెట్ట, మాగాణి. ఖరీఫ్, రబీ. ఆహార పంటలు, వాణిజ్య పంటలు. స్కూల్లో వ్యవసాయాన్ని ఇలా రకాలుగా విడగొట్టి బట్టీ పట్టించారు. ఇల్లినాయ్ వచ్చి పదేళ్ళయ్యాక నాకు ఇంకో లెక్క ముఖ్యమనిపిస్తోంది. ఏ పంట ఎంతమంది మనుషుల్ని చేలోకి పిలుస్తుంది?

మాది ప్రకాశం జిల్లా. నాలుగెకరాల నల్లరేగడి, వాన తప్ప వేరే నీళ్ళు లేవు. నా చిన్నప్పుడు అందులో వర్జీనియా పొగాకు. నారు పోసిన దగ్గర్నుంచీ ఇంటినిండా మనుషులే. మొక్క తలలు తుంచాలి, కింది నుంచి పండిన ఆకు పండినట్టు విడతలుగా కోయాలి, కర్రలకు కట్టాలి, బ్యారన్‌లో అయిదారు రోజులు రేయింబవళ్ళు మంట చూస్తూ కూచోవాలి. తర్వాత గ్రేడింగు, బేళ్ళు, వేలం. అందులో సుఖమేమీ లేదు లెండి. ఆకు జిగురుకి అమ్మ చేతులు నల్లబడి ఎంత తోమినా వదిలేవి కావు, అన్నం ముద్దలో కూడా ఆ చేదే. కానీ ఆ నాలుగు నెలలూ మా వీధిలో కూలి దొరకని ఇల్లు లేదు.

తర్వాత శనగ వచ్చింది. జేజీ-11 రకం మా వైపు పొలాల రూపే మార్చేసింది. వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరుల్లో విత్తితే నేలలో మిగిలిన తేమతో, మంచుతో మూడు నెలల్లో చేతికొస్తుంది. బ్యారన్ లేదు, కట్టెల ఖర్చు లేదు. విత్తడానికి ట్రాక్టరు, నూర్పిడికి మెషిను. పీకేటప్పుడు మాత్రం మనుషులు కావాలి. నాన్నకి ఇదీ కష్టమైపోయాక పొలం కౌలుకిచ్చాం. పదేళ్ళుగా ఒక్కాయనే చేస్తున్నాడు.

ఇక్కడ మా టీంలో ఒకతను సెప్టెంబరు వచ్చిందంటే శని, ఆదివారాలు వాళ్ళ నాన్నకి కంబైన్ నడపడానికి వెళ్తాడు. ఒక ఏడు మొక్కజొన్న, మరుసటేడు సోయా. ఎకరానికి రెండొందల బుషెల్సు, మన లెక్కలో యాభై క్వింటాళ్ళు. పదిహేను వందల ఎకరాలకి తండ్రీ కొడుకులు ఇద్దరే. అందులో కొంత సగానికి సగం పాలుకి చేస్తున్నారని విని ఆశ్చర్యపోయాను, అచ్చం మన దగ్గరిలాగే! ఒకసారి వాళ్ళ ఊరు వెళ్ళాను. ధాన్యం నిలవచేసే ఎత్తైన ఎలివేటర్లు మాత్రం కొత్తవి. బడి మూసేసి చాలాకాలమైందట.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా తమ్ముడు పొలంలో సుబాబుల్ వేద్దామంటున్నాడు. మూడు నాలుగేళ్ళకోసారి నరికి కాగితం మిల్లుకి తోలడమే, అటు చూడక్కర్లేదు అంటాడు. వాడి మాటలో అబద్ధం లేదు. నరికితే మళ్ళీ చిగురిస్తుంది, ఆకు మేకలు తింటాయి, నేలకి నత్రజని కూడా ఇస్తుంది. బెంగళూరులో ఒకరం, అమెరికాలో ఒకరం ఉన్న ఇంటికి ఇంతకన్నా అనువైన పంట లేదు. మళ్ళీ శనగ వేసుకోవాలంటే మాత్రం మొద్దులు పొక్లెయిన్‌తో పెకలించాలి. అంతకు ముందే కౌలు చేసే ఆయన వెళ్ళిపోతాడు.

ఆయన దగ్గర ఇన్నేళ్ళలో ఒక్క కాగితం లేదు. 2019 చట్టం కింద సాగుదారు హక్కు కార్డు రావాలంటే పట్టాదారు సంతకం చేసిన పదకొండు నెలల ఒప్పందం ఉండాలి. అది లేక పంట రుణం బ్యాంకులో దొరక్క బయట వడ్డీకి తెస్తున్నాడు. సంతకం పెడితే పొలం చేజారిపోతుందని మా ఊళ్ళో అందరికీ భయమే, నాన్నతో సహా. కార్డు వల్ల పొలం మీద హక్కు రాదని చట్టంలోనే ఉందని చదివి వినిపించాను. "చట్టాలు మీరు చదువుతారురా, ఊళ్ళో ఉండేది నేను" అన్నారు.

పోయిన వారం ఆయనే ఫోన్ చేశాడు. "అబ్బాయ్, వాన బాగా పడింది, పదును ఆరకముందే విత్తాలి. విత్తనాలు తెచ్చుకోమంటావా, వద్దా?" తమ్ముడితో మాట్లాడి చెప్తానని అనలేదు. తెచ్చుకో బాబాయ్ అన్నాను. ఒప్పందం కాగితం ఇంకా నాన్న బీరువాలోనే ఉంది.