పడవలో పుస్తకాలు

1935లో గుంటూరు జిల్లా పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద తిరిగే పడవల్లో పాతూరి నాగభూషణం గ్రంథాలయం నడిపించారు. పడవ ప్రయాణమంటే గంటల తరబడి కూర్చోవడమే. ఆ ఖాళీ సమయాన్ని ఆయన చదువుకు మళ్లించారు. ఒకరు పైకి చదివితే పదిమందికి వినిపించేంత దగ్గరగా కూర్చునే చోటు అది. ఎంత గొప్ప ఆలోచన!

అంతకు ముందే, 1914 ఏప్రిల్ 10న, అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి పాత పత్రికల కోసం పరిశోధకులు నేటికీ వెళుతుంటారు.

ఇప్పుడు ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. పిల్లలకు వ్యాసరచన, చిత్రలేఖనం పోటీలు పెడతారు. ఆ వారం గడిచాక గ్రంథాలయంలో, పేపరు కోసం వచ్చే పెద్దలు ఒక బల్ల దగ్గర, ఉద్యోగ పరీక్షలకు చదివే యువత మరో బల్ల దగ్గర. ఒకరితో ఒకరికి మాట ఉండదు. నెలకో ఆదివారం సాయంత్రం ఒక కథ చదువుకుని, అన్ని వయసులవాళ్లూ దాని మీద వాదించుకుంటే ఖర్చేమీ లేదు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను జనం కడుతూనే ఉన్నారు. కాబట్టి దగ్గరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి, నెలకో కథ చదివే సాయంత్రం పెట్టమని గట్టిగా అడగవచ్చు.